కాఫీ కొమ్మకు పగడాల దండ

కొండ మీద పెద్ద చెట్ల నీడన పెరిగే మొక్క... ఓపికుంటే మన బాల్కనీలోనూ పూస్తుంది, కాస్తుంది. అరకు దారిలో దాని అందం చూసి ముచ్చటపడేవాళ్లు, ఇంటికి తెచ్చుకుందామనుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది.

పొద్దున్నే కప్పు కాఫీ పడందే చాలామందికి రోజు మొదలవదు. ఫిల్టర్లో చుక్కచుక్కగా దిగే డికాక్షన్ వాసన తెలుసు, పొడిలో చికోరీ ఎంత కలపాలో తెలుసు, చక్కెర ఎన్ని చెంచాలో కూడా తెలుసు. మరి కాఫీ చెట్టు ఎలా ఉంటుంది? దాని పువ్వు ఏ రంగు? కాయ ఎప్పుడు పండుతుంది? ఈ ప్రశ్నలు అడిగితే మాత్రం సగం మంది నీళ్లు నములుతారు. గింజ నల్లగా ఉంటుందని చెప్పేవాళ్లే ఎక్కువ. అది వేయించాక వచ్చిన రంగు. చెట్టు మీద ఉన్నప్పుడు దాని సొగసే వేరు.

ఆ సొగసు చూడాలంటే నవంబరు, డిసెంబరు నెలల్లో విశాఖపట్నం నుంచి అరకు వెళ్లాలి. రోడ్డు మార్గంలో సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. రైలు కావాలంటే కొత్తవలస-కిరండూల్ మార్గం ఉండనే ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చేందుకు 1960ల్లో కొండల్ని తొలిచి వేసిన దారి అది. ఖనిజం కోసం పుట్టిన ఆ పట్టాల మీద 2017 నుంచి పర్యాటకుల కోసం అద్దాల పెట్టె కూడా నడిచింది. సొరంగంలోకి వెళ్లినప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారు. బయటకు రాగానే లోయ కనిపిస్తుంది, అందరూ కిటికీల వైపు ఒరుగుతారు.

రోడ్డున వెళ్తే టైడా దాటి, అనంతగిరి చేరేసరికి గాలి మారుతుంది. స్తంభాల్లా నిటారుగా నిలబడ్డ సిల్వర్ ఓక్ చెట్లు. వాటిని పెనవేసుకుని పైకి పాకిన మిరియాల తీగలు. ఆ నీడలో, మనిషెత్తున, ముదురాకుపచ్చ పొదలు. ఆకు మీద నూనె రాసి తుడిచినట్లు మెరుపు. కారు ఆపి దగ్గరకు వెళ్తే ఎవరైనా ఓ క్షణం మాట్లాడలేరు. ప్రతి ఆకు మొదట్లో గుత్తులు గుత్తులుగా కాయలు. ఒకే కొమ్మ మీద ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు... పూర్తిగా పండినవైతే అచ్చం పగడాలే!

ఎదురుగా చేలల్లో పసుపు దుప్పటి పరిచినట్లు వలిస పూలు, ఇటు చెట్ల కింద ఎర్రటి కాఫీ పండ్లు. చలికాలం అరకు అందానికి ఈ రెండు రంగులూ చాలు.

నీడే దాని పుట్టిల్లు

కాఫీ ఎండలో పెరిగే పంట కాదు. అరబికా రకం పుట్టిల్లు ఇథియోపియా నైరుతి ప్రాంతంలోని కొండ అడవులు. అక్కడ పెద్ద చెట్ల కింద, ఆకుల సందుల్లోంచి జారే వెలుతురుతో బతికే చిన్న చెట్టు ఇది. మన పెరట్లో పూసే నూరువరహాలు దీనికి దగ్గరి చుట్టమే. రెండూ ఒకే వృక్ష కుటుంబం. కాఫీ పువ్వును పరిశీలనగా చూస్తే సన్నటి గొట్టం, దాని కొసన విచ్చుకున్న రేకులతో ఆ పోలిక తెలిసిపోతుంది.

మన దేశానికి ఎలా వచ్చిందనడానికి ఒక కథ ప్రచారంలో ఉంది. 1670 ప్రాంతంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు యెమెన్‌లోని మోచా రేవు నుంచి ఏడు గింజలు తెచ్చి, కర్ణాటకలోని చిక్కమగళూరు కొండల్లో నాటారని చెబుతారు. ఆ కొండలకు ఇప్పటికీ ఆయన పేరే.

తూర్పు కనుమలకు మాత్రం కాఫీ ఆలస్యంగా చేరింది. 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయ అధికారి తూర్పు గోదావరి అడవుల్లోని పాములేరు లోయలో మొదటిసారి నాటించాడని కాఫీ బోర్డు చరిత్ర చెబుతుంది. అక్కడి నుంచి 1920ల నాటికి అనంతగిరి, చింతపల్లి వైపు పాకింది. 1960ల్లో అటవీశాఖ రిజర్వు అడవుల్లో తోటలు వేసింది. ఆ తర్వాత ఐటీడీఏ, కాఫీ బోర్డు కలిసి గిరిజన కుటుంబాల చేత సాగు చేయించడం మొదలుపెట్టాయి. అడవి నరికి, కాల్చి, రెండు మూడేళ్లు పండించి మరో చోటికి వెళ్లే పోడు సేద్యానికి ఇదో ప్రత్యామ్నాయం అయింది. కాఫీకి నీడ కావాలి, నీడకు చెట్టు కావాలి. చెట్టు నరికితే పంట పోతుంది. అందుకే కాఫీ ఉన్న చోట చెట్టు నిలిచింది.

2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరు ఐటీడీఏ పరిధిలోని 11 మండలాల్లో రెండు లక్షలకు పైగా ఎకరాల్లో ఈ పంట ఉన్నట్లు అధికారిక లెక్కలు చెబుతున్నాయి. ఆధారపడిన కుటుంబాలూ రెండు లక్షల పైమాటే. అంటే సగటున ఒక్కో ఇంటికి ఎకరం, అటూ ఇటూగా. ఎస్టేట్లూ దొరల బంగళాలూ ఇక్కడ కనిపించవు. తోట యజమానే కూలీ. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. ఇంత పేరూ వచ్చింది ఎకరం తోటల నుంచే.

టోపీ పెట్టుకునే మొలక

కాఫీ సాగులో ఓ ముచ్చటైన దశ ఉంది. విత్తనాన్ని డిసెంబరు, జనవరిల్లో నారుమడిలో పెడతారు. మొలకెత్తడానికి నెలన్నర పడుతుంది. మొలక లేచేటప్పుడు గింజను నెత్తిన పెట్టుకునే పైకి వస్తుంది. సన్నటి కాడ, దాని మీద గుండ్రటి గింజ. చూస్తే టోపీ పెట్టుకున్న బడిపిల్లాడు గుర్తొస్తాడు. తోటల వాళ్లు కూడా దాన్ని టోపీ దశ అనే అంటారు. కొన్నాళ్లకు టోపీ ఊడి, రెండు గుండ్రటి ఆకులు విచ్చుకుంటాయి. ఆ తర్వాత పాలిథిన్ సంచుల్లోకి మార్చి, వర్షాకాలంలో తోటలో నాటుతారు.

అక్కడి నుంచి మూడు, నాలుగేళ్లు ఎదురుచూపే. ఈలోగా చేసే పని తక్కువేం కాదు. కాండం నుంచి నిటారుగా దూసుకొచ్చే అనవసరపు చిగుళ్లను గిల్లేయాలి. రెండున్నర అడుగుల ఎత్తు రాగానే తల తుంచాలి. తర్వాత ఒక కొమ్మను అయిదడుగుల దాకా ఎదగనిచ్చి మళ్లీ తుంచాలి. అలా చేస్తే పక్క కొమ్మలు గొడుగులా విస్తరిస్తాయి. పండ్లు చేతికి అందుతాయి. నీడ చెట్ల కొమ్మల్నీ ఏటా చూసుకోవాలి. నీడ మరీ ఎక్కువైతే పూత తగ్గుతుంది, ఆకు తుప్పు తెగులు వస్తుంది. మరీ తక్కువైతే కాండం తొలుచు పురుగు చేరుతుంది. ఎండ తగిలే కాండమంటే దానికి మహా ఇష్టం.

మార్చి, ఏప్రిల్ నెలల్లో తోటంతా ఆకాశం వైపు చూస్తుంది. కొమ్మల మీద మొగ్గలు సిద్ధంగా ఉంటాయి కానీ విచ్చుకోవు. ఒక్క మంచి వాన పడాలి. పడిన తొమ్మిది, పది రోజులకు కొండంతా ఒకేసారి తెల్లబడుతుంది. మల్లెల్ని తలపించే వాసన. కానీ ఆ వైభవం రెండు, మూడు రోజులే! పువ్వు రాలాక పిందె నిలిచి, పండు కావడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది.

నవంబరు నుంచి కోత. ఇదే అసలైన ఓపిక పని. ఒకే గుత్తిలో పండూ కాయా పక్కపక్కనే ఉంటాయి. పండినదాన్ని మాత్రమే కోయాలి. పచ్చికాయ కలిస్తే కాఫీ రుచి చెడుతుంది. అందుకే ఒకే చెట్టు దగ్గరకు మూడు, నాలుగు విడతలుగా వస్తారు. నడుముకు సంచి కట్టుకున్న ఆడవాళ్ల వేళ్లు కొమ్మ మీద ఎంత వేగంగా కదులుతాయంటే, వాళ్లు ఏది కోశారో ఏది వదిలారో మన కంటికి అందదు. పండును నొక్కితే తియ్యటి గుజ్జు, లోపల బోర్లించుకున్న రెండు గింజలు. ఒక్కోసారి రెండుకు బదులు గుండ్రటి ఒకే గింజ ఉంటుంది. దాన్ని పీబెర్రీ అంటారు. గుజ్జు తీసి, పులియబెట్టి, కడిగి, ఎండబెట్టి అమ్ముతారు. ఆరు కిలోల పండ్లకు వచ్చేది కిలో గింజలే.

మిల్లీమీటరున్నర శత్రువు

సుంకరమెట్ట దగ్గర తోటల అంచున ఆగిన కార్ల నుంచి దిగినవాళ్లు చేసే మొదటి పని ఫొటో. రెండోది, ఓ గుత్తి తెంపడం. మేం నిలబడి చూస్తుండగానే ఓ చిన్న పాప గుప్పెడు పండ్లు కోసి గౌను జేబులో వేసుకోబోయింది. తోటలో ఉన్న పెద్దావిడ కోప్పడలేదు. దగ్గరకొచ్చి, ''కొయ్యకమ్మా... కాయట్టుకెళ్తే పురుగు కూడా నీతోటే వచ్చేస్తాది'' అంది. పాప తల్లి నవ్వేసింది, నాలుగు పండ్లకేమవుతుందని. ఆవిడ మాత్రం నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో తెలియాలంటే 2025 ఆగస్టు సంగతి చెప్పుకోవాలి. అరకులోయ మండలం చినలబుడు పంచాయతీ ప్రాంతంలోని తోటల్లో కాయతొలుచు పురుగు కనిపించింది. కాఫీ బెర్రీ బోరర్ అని దాని పేరు. ప్రపంచంలో కాఫీకి ఇంతకన్నా పెద్ద పురుగు బెడద లేదు. మన దేశంలో 1990లో నీలగిరి ప్రాంతంలోని గూడలూరులో మొదటిసారి దొరికింది. ఆ తర్వాత దక్షిణాది తోటల్ని చుట్టేసింది. తూర్పు కనుమలు మాత్రం అన్నాళ్లూ దాని పేరు వినడంతోనే సరిపెట్టుకున్నాయి.

నల్లగా, మిల్లీమీటరున్నర పొడవుండే చిన్న పెంకుపురుగు ఇది. ఆడపురుగు పండు కొసన, పువ్వు ఊడిన బొడ్డు దగ్గర, గుండుసూదితో పొడిచినట్లు రంధ్రం చేస్తుంది. లోపలికి వెళ్లి గింజలోనే గుడ్లు పెడుతుంది. పిల్లలు పుట్టేదీ పెరిగేదీ ఆ గింజ తింటూనే. అక్కడే జతకడతాయి కూడా. కొత్తతరం ఆడపురుగులు రెక్కలతో బయటకొచ్చి మరో పండు వెతుక్కుంటాయి. మగవి ఎగరలేవు, పుట్టిన పండులోనే బతుకు ముగిస్తాయి. పైన చూస్తే పండు ఎర్రగా, నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల పిండి. కోతలో చెట్టు మీద మిగిలిపోయిన కాయ, నేల రాలిన పండు... ఇవే వేసవంతా దానికి ఇల్లు.

సొంతంగా అది ఎక్కువ దూరం పోలేదు. దాన్ని కొండలు దాటించేది మనిషే. పండ్ల బస్తాల్లో, గోనె సంచుల్లో, వాహనాల్లో... ఆఖరికి జేబుల్లో! హైదరాబాద్ అపార్టుమెంటులో దానికి పండు దొరకదు, నిజమే. కానీ అరకు చూసిన కారు చాలాసార్లు అక్కడి నుంచి చింతపల్లి మీదుగా లంబసింగి మంచు చూడ్డానికి వెళ్తుంది. లేదంటే మారేడుమిల్లి దారి పడుతుంది. ఆ దారంతా కాఫీయే. డాష్‌బోర్డు మీద పెట్టిన గుత్తిని వాడిపోయిందని కిటికీలోంచి విసిరితే చాలు.

పురుగు బయటపడగానే కాఫీ బోర్డు, ఐటీడీఏ, వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు తోటల బాట పట్టారు. పురుగు పట్టిన తోటల్లో కాయలన్నీ దూసేయించారు. వాటిని మరిగే నీళ్లలో ముంచి, లోతుగా పాతిపెట్టించారు. పచ్చగా ఉన్న పంటను తమ చేతులతో తామే దూసి పాతిపెట్టడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ఏడాదికి ఒక్కసారి చేతికొచ్చే నగదు అది. పిల్లల ఫీజులు, ఇంట్లో పెళ్లి, సంతలో బాకీ... అన్నీ ఆ సంచుల మీదే ఆధారం.

మరి మందు కొట్టొచ్చుగా అనిపిస్తుంది. పురుగు పండు లోపల ఉంటుంది కాబట్టి మందు దాన్ని తాకదు. పైగా రసాయనాలు వాడకపోవడమే ఈ ప్రాంతపు కాఫీకి పేరు తెచ్చింది. అందుకే ఇక్కడి ఆయుధాలు వేరు. ఆడపురుగుల్ని వాసనతో రప్పించే ఎరబుట్టలు. పురుగు మీద పెరిగి దాన్ని చంపే బవేరియా అనే శిలీంద్రం. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక్క పండు కూడా చెట్టు మీద, నేల మీద మిగలకుండా ఏరడం. మళ్లీ అవే చేతులు, అవే వేళ్లు.

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో చరిత్రలో ఓ పాఠం ఉంది. సిలోన్ ఒకప్పుడు కాఫీ దీవి. 1869లో అక్కడ ఆకు తుప్పు తెగులు కనిపించింది. రెండు దశాబ్దాల్లో తోటలు తుడిచిపెట్టుకుపోయి, వాటి చోట తేయాకు వచ్చింది. ఇవాళ శ్రీలంక అనగానే టీ గుర్తుకొస్తుందంటే అదే కారణం. ఎస్టేటు దొరలు కాఫీ పోతే టీ వేసుకున్నారు. ఎకరం గిరిజన రైతుకు అంత వెసులుబాటు ఎక్కడిది?

మన కుండీలో కాఫీ

ఇంత చెప్పాక ఇంట్లో పెంచుకోవద్దని కాదు. కాఫీ మంచి అలంకరణ మొక్క. చాలా దేశాల్లో కాఫీ కోసం కాకుండా ఆ మెరిసే ఆకుల కోసం, తెల్లపూల కోసం, ఎర్రటి పండ్ల కోసం ఇళ్లలో పెంచుకుంటారు. కొండ నుంచి కాయ తేకుండా, మీ ఊళ్లోని నర్సరీలో మొక్క కొనుక్కుంటే చాలు. కాయలున్న మొక్క మాత్రం తీసుకోవద్దు. కొట్లో దొరికే వేయించిన గింజ మొలకెత్తదు. వేయించనివి కూడా కోసిన కొన్ని నెలలకే మొలిచే శక్తి కోల్పోతాయి. కాబట్టి గింజలతో ప్రయోగాలకన్నా మొక్కే మేలు.

దాన్ని పెంచడంలో కిటుకు ఒకటే. అడవిలో అది ఎలా ఉండేదో గుర్తుపెట్టుకోవడం. తూర్పు వైపు బాల్కనీ శ్రేష్ఠం. ఉదయపు లేత ఎండ పడినా ఫరవాలేదు. మధ్యాహ్నపు ఎండ మాత్రం నేరుగా తగలకూడదు, ఆకులు మాడిపోతాయి. వేర్లు లోతుకు దిగే మొక్క కాబట్టి వెడల్పుకన్నా లోతున్న కుండీ, కనీసం అడుగు పైనే ఉన్నది ఎంచుకోండి. అడుగున రంధ్రాలు తప్పనిసరి. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మికంపోస్టు, కొంచెం ఇసుక కలిపితే సరిపోతుంది.

పైమట్టి అంగుళం లోతున ఆరాకే నీళ్లు పోయాలి. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకూడదు. కాఫీకి కాస్త ఆమ్లగుణమున్న నేల ఇష్టం. ఉప్పు ఎక్కువగా ఉండే బోరు నీళ్లు పోస్తూ పోతే ఆకులు పసుపుబారతాయి. వాననీళ్లు పట్టి పెట్టుకుంటే అంతకన్నా మంచి మందు లేదు. అరబికాకు 15 నుంచి 25 డిగ్రీల చల్లదనం హాయి. మన వేసవిలో 40 దాటుతుంది కదా! ఆ రెండు నెలలు ఇంట్లో వెలుతురున్న చోటికి మార్చి, చుట్టూ మరికొన్ని కుండీలు పెట్టి, ఆకుల మీద నీళ్లు చిలకరిస్తూ ఉండాలి. రోబస్టా రకం వేడిని కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. కానీ దానికి మరో మొక్క పుప్పొడి అందితేనే కాయ నిలుస్తుంది. అరబికా అయితే ఒక్క మొక్కే చాలు, తన పువ్వుకు తానే కాయ కట్టుకుంటుంది.

మూడు, నాలుగేళ్లకు పూత. అడవిలో వేసవి వాన చేసే పనిని ఇక్కడ మీరు చేయాలి. జనవరి, ఫిబ్రవరిల్లో మొక్క వాడిపోకుండా చూస్తూ నీళ్లు తగ్గించి, ఆ తర్వాత ఒకరోజు కుండీ నిండా పోయాలి. మొగ్గలుంటే పది రోజుల్లో విచ్చుకుంటాయి. ఆకుల అడుగున తెల్లటి దూదిలా పిండినల్లి చేరితే తడిగుడ్డతో తుడిచి, వేపనూనె కలిపిన సబ్బునీళ్లు పిచికారీ చేయాలి. కుండీ చుట్టూ చీమలు తిరుగుతున్నాయంటే ఓసారి ఆకులు తిప్పి చూడండి. పిండినల్లి వదిలే తీపి కోసమే అవి వస్తాయి. ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే మాత్రం మొక్కను వాటికి అందనంత ఎత్తులో ఉంచాలి. ఆకుల్లో, గింజల్లో ఉండే కెఫీన్ వాటికి పడదు.

పండ్లు ఎర్రబడ్డాక కొన్ని వారాలు చెట్టు మీదే కనువిందు చేస్తాయి. రాలినవాటిని మాత్రం ఏరి పారేయండి. అది మంచి అలవాటు.

కుండీలో మొదటి కాపుకు గుప్పెడు పండ్లు వస్తే గొప్ప. కప్పు చిక్కటి కాఫీకి సుమారు 40 పండ్ల గింజలు కావాలి. అంటే మీ మొక్క తొలి ఏడు పంట ఒక్క కప్పుకు సరిపోతుందో లేదో! అయినా ఆ గుప్పెడూ మీరే కోసి, ఒలిచి, ఎండబెట్టి, బాణలిలో వేయించి చూడండి. ఒక్కో పండూ ఒక్కోసారి చేయి చాచి కోయాల్సిందేనని అప్పుడు తెలుస్తుంది. మనం రోజూ తాగే ప్రతి కప్పు వెనకా ఎవరో ఒకరు అలా నలభైసార్లు చేయి చాచే ఉంటారు.

ఈ చలికాలం అరకు వెళ్తే ఫొటోలు ఎన్నయినా తీసుకోండి. ఊళ్లోని కాఫీ మ్యూజియం చూడండి. తిరిగొచ్చేటప్పుడు గిరిజన సహకార సంస్థ దుకాణంలో ఓ పొట్లం పొడి కొనండి. పండ్ల గుత్తిని మాత్రం కొమ్మకే వదిలేయండి.